సూది పెట్టే చేయి ఎక్కడ నేర్చుకుంది? ఆక్యుపంక్చర్ వైద్యుల చదువు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్న ప్రకృతి వైద్యురాలిని. రోజూ సూదులు పెడతాను. వచ్చినవాళ్లు మోకాలి గురించి, మెడ గురించి, ఫీజు గురించి మొదటే అడిగేస్తారు. నా చదువు గురించి మాత్రం వెళ్లిపోతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడుగుతారు: "ఏమనుకోకండి మేడమ్, ఇంతకీ మీరేం చదివారు?" ఏమీ అనుకోను. నిజానికి అది సూది పెట్టకముందు అడగాల్సిన మాట. ఇన్నాళ్లుగా విన్న ప్రశ్నలను ఒకచోట రాసి పెడుతున్నాను.

బోర్డు మీద "డాక్టర్" అని ఉంది. అంటే ఎంబీబీఎస్సేనా?

కావచ్చు, కాకపోవచ్చు. మన ఊళ్లో ఆక్యుపంక్చర్ బోర్డు వెనక కూర్చునేవాళ్లు ఒకే దారిలో వచ్చినవాళ్లు కారు. నాలాగా బీఎన్‌వైఎస్ అనే ప్రకృతి వైద్య డిగ్రీ చదివినవాళ్లు ఉన్నారు. ఎంబీబీఎస్ తర్వాత నొప్పుల వైద్యంలోకి వెళ్లి, అక్కడ సూదులు నేర్చుకున్న డాక్టర్లు కొందరు. ఆయుర్వేదం, హోమియో, యునాని పట్టా ఉండి దీన్ని అదనంగా పట్టుకున్నవాళ్లు ఉన్నారు. వైద్యంతో సంబంధం లేని డిగ్రీ చేసి, ఏడాది డిప్లొమాతో మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన దగ్గర ఏళ్ల తరబడి చేతికింద ఉండి నేర్చుకుని, కాగితం ఏమీ లేనివాళ్లు మరికొందరు.

వీళ్లందరి బోర్డూ దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటుంది. ఆర్‌ఎంపీని కూడా "డాక్టర్ గారూ" అనే ఊరు మనది, కాబట్టి ఆ ఒక్క మాట పట్టుకుంటే ఏమీ తేలదు. పేరు తర్వాత ఉన్న అక్షరాలు చదవాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఏ మండలి ఇచ్చిందో అడగాలి. అల్లోపతి డాక్టరైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంటుంది. మెడికల్ రిజిస్టరులో పేరు లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే, 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంటే సూదులు పెట్టే డిప్లొమా ఉన్నాయన పక్కన యాంటీబయాటిక్ కూడా రాసిస్తున్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

బీఎన్‌వైఎస్ అంటే ఏమిటి? అందులో ఆక్యుపంక్చర్ ఎంత ఉంటుంది?

బ్యాచిలర్ ఆఫ్ నేచురోపతి అండ్ యోగిక్ సైన్సెస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లు చేరతారు. బల్కంపేట దగ్గరి గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఈ కోర్సుకు మన నగరంలో పాత చిరునామా. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో బేగంపేట దాటాక "నేచర్ క్యూర్ హాస్పిటల్" అని స్టేషన్ వస్తుంది కదా, ఆ పేరు ఆ ఆసుపత్రిదే. రోజూ ఆ స్టేషన్ మీదుగా వెళ్తూ కూడా ఆ పేరు ఎక్కడిదో తెలియనివాళ్లను చాలామందిని చూశాను.

ఈ కోర్సులో శరీర నిర్మాణం, శరీర ధర్మం, వ్యాధి నిర్ధారణ శాస్త్రం అన్నీ చెబుతారు. ఆ పునాది గట్టిదే. ఆక్యుపంక్చర్ మాత్రం అందులో ఒక సబ్జెక్టు. జల చికిత్స, ఉపవాసం, ఆహారం, మసాజ్, యోగా వీటన్నిటి మధ్య దానికి దక్కే సమయం ఎంతో మీరే లెక్కేసుకోండి. మాలో సూది మీద ఆసక్తి ఉన్నవాళ్లు కాలేజీ అయ్యాక మళ్లీ ఎవరో ఒకరి దగ్గర చేరి నేర్చుకుంటారు. ఆసక్తి లేనివాళ్లు పరీక్ష రాసి మరిచిపోతారు. అందుకే "బీఎన్‌వైఎస్ అన్నారు, ఇంక ఫర్వాలేదు" అనుకోవద్దని నా సొంత పట్టా గురించే చెబుతున్నాను.

దీనికి ప్రభుత్వ గుర్తింపు ఉందా?

ఉంది, కానీ మీరు అనుకునే రకంగా లేదు. 2003 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా ఒప్పుకుంది. రిజిస్టరైన వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవాళ్లు గానీ చేయవచ్చంది. ఆ "తగిన శిక్షణ" అంటే ఎంత అన్నది చాలాకాలం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. 2019 ఫిబ్రవరిలో దాన్ని స్వతంత్ర వైద్య విధానంగా గుర్తిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

రాష్ట్రాల్లో పశ్చిమ బెంగాల్ ముందుంది. అక్కడ 1996లోనే దీనికోసం ప్రత్యేక చట్టం చేశారు. మహారాష్ట్రలో కూడా చట్టం, దాని కింద ఆక్యుపంక్చర్ కౌన్సిల్ ఉన్నాయి. తెలంగాణలో అలాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు. కాబట్టి హైదరాబాద్‌లో ఎవరైనా "మాకు ఆక్యుపంక్చర్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది" అంటే, ఏ రాష్ట్రానిదో చూపించమనండి. చాలాసార్లు అది ఒక సంఘం సభ్యత్వ కార్డు అయి ఉంటుంది.

గోడ మీద "ఎం.డి. ఆక్యు" అని ఫ్రేము కట్టించి ఉంది. అది డిగ్రీయేనా?

ఫ్రేము మంచిదే అయి ఉంటుంది. డిగ్రీ ఇచ్చే అధికారం ఎవరికుందో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది: చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు. ఒక సొసైటీనో ట్రస్టునో "బోర్డు" అని పేరు పెట్టుకుని ఎం.డి. ఇస్తే అది చట్టం ప్రకారం డిగ్రీ కాదు.

పాత తరం వాళ్ల గోడల మీద కొలంబో సర్టిఫికెట్లు కనిపిస్తాయి. శ్రీలంకలో డాక్టర్ ఆంటన్ జయసూర్య కలుబోవిల ప్రభుత్వాసుపత్రిలో ఆక్యుపంక్చర్ నేర్పేవారు. మన దేశం నుంచీ విదేశాల నుంచీ ఎంతోమంది అక్కడికి వెళ్లారు. ఆ కాగితం మన దేశంలో డిగ్రీగా చెల్లకపోయినా, అక్కడి ఓపీలో నిజంగా పనిచేసి వచ్చినవాళ్లకు చేయి తిరిగి ఉంటుంది. పోస్టులో తెప్పించుకున్నవాళ్లకు తిరగదు. ఫ్రేము ఒకటే, వెనక కథలు రెండు.

అసలు ఎన్ని గంటల శిక్షణ ఉండాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఒక మార్గదర్శకం వేసింది. వైద్య పట్టా లేనివాళ్లు పూర్తిస్థాయి ఆక్యుపంక్చర్ వైద్యులు కావాలంటే 2,500 గంటలు. అందులో 500 గంటలు ఆధునిక వైద్యం మూలాలకే. ఇప్పటికే డాక్టరైనవాళ్లు పూర్తిగా నేర్చుకోవాలంటే 1,500 గంటలు. తమ వైద్యానికి తోడుగా పరిమితంగా వాడుకునే డాక్టర్లకు 200 గంటలు.

ఇప్పుడు లెక్క వేయండి. శని, ఆదివారాలు రోజుకు 6 గంటల చొప్పున క్లాసులు పెట్టినా వారానికి 12 గంటలు. ఆరు నెలల వీకెండ్ కోర్సు అంటే ఎంత చేసినా 300 గంటల చుట్టూనే. 2,500కు నాలుగేళ్లు పడుతుంది. ఇది మనదేశంలో చట్టంగా అమలయ్యే లెక్క కాదు, కానీ పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

అన్ని గంటలు ఏం నేర్పుతారు? పాయింట్లు బట్టీ పడితే సరిపోదా?

అంతర్జాతీయంగా ఒప్పుకున్న పాయింట్లు 361. బట్టీ పట్టడానికి తెలివైన ఇంటర్ పిల్లకు రెండు నెలలు చాలు. చిక్కంతా ఆ తర్వాతే.

పాయింటు ఎక్కడుందో కొలిచేది స్కేలుతో కాదు, పేషెంటు చేతితోనే. ఆ మనిషి బొటనవేలి వెడల్పు ఒక చున్, అంటే చైనీస్ కొలత. నాలుగు వేళ్లు కలిపిన వెడల్పు మూడు చున్. మన అమ్మమ్మలు బెత్తెడు అనేవాళ్లే, అదే. మోకాలి చిప్ప కింద బెత్తెడు దిగి, ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి జరిగితే స్టమక్ 36 అనే పాయింటు. బెత్తెడు పేషెంటుది కావాలి, నాది కాదు. ఆరడుగుల మనిషికి నా వేళ్లతో కొలిస్తే పాయింటు తప్పుతుంది. మొదట్లో అందరం చేసే తప్పు ఇదే.

ఆ తర్వాత లోతు, కోణం. సూది సన్నగా, పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. రక్తం తీసే 21 గేజి సూదిలో మూడో వంతు. అంత సన్నంది వంగకుండా, నొప్పి లేకుండా దించడం సబ్బు మీద, కాగితాల కట్ట మీద, బత్తాయి మీద, చివరికి మన తొడ మీదే సాధన చేస్తాం. నా కాలి మీద పెట్టుకున్నన్ని సూదులు ఇంకెవరి మీదా పెట్టి ఉండను. దించాక ఒక బరువు, గుంజినట్టు ఉండే తిమ్మిరి వస్తుంది. చైనీస్‌లో దాన్ని ది చీ అంటారు. పేషెంటు "ఆఁ, అక్కడే లాగుతోంది" అనకముందే సూది పట్టుకున్న వేళ్లకు కొంచెం తెలుస్తుంది. అది పుస్తకంలో దొరకదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ పెట్టకూడదో తెలియడం. భుజం పైన, ఛాతీ మీద, వీపు పై భాగాన చర్మం కింద ఊపిరితిత్తి ఎంత దగ్గరగా ఉంటుందో శరీర నిర్మాణం చదవనివాళ్లకు తట్టదు. లోతు తప్పితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆసుపత్రి పాలవుతారు. అరుదే, కానీ నిజంగా జరిగేదే. గర్భిణులకు వాడని పాయింట్లుంటాయి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండేది అందులో ఒకటి. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లను ముందే అడిగి తెలుసుకోవాలి. చికిత్స మధ్యలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లుంటారు, ముఖ్యంగా టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లు. అప్పుడేం చేయాలో నేర్పని కోర్సు కోర్సే కాదు.

నాడి, నాలుక చూడటం కూడా నేర్పుతారు. అందులో ఎంత శాస్త్రం, ఎంత అలవాటు అన్నదాని మీద మా వాళ్లలోనే వాదనలున్నాయి.

చైనాలో చదివొచ్చారంటే గొప్పేనా?

ఎన్నాళ్లు చదివారో అడగండి. అక్కడ ఆక్యుపంక్చర్ ఐదేళ్ల డిగ్రీ, ఆసుపత్రుల్లోనే ప్రాక్టికల్స్. విదేశీయుల కోసం వారాల్లో ముగిసే చిన్న కోర్సులూ ఉన్నాయి. రెండింటికీ సర్టిఫికెట్ మీద ఎర్ర ముద్రే ఉంటుంది.

మా అమ్మాయి డాలస్‌లో ఆక్యుపంక్చర్ చేయించుకుంటోంది. అక్కడ వాళ్లకు ఏ చదువు ఉంటుంది?

ఈ మధ్య ఈ ప్రశ్న ఎక్కువైంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి. మూడు నాలుగేళ్ల మాస్టర్స్ చదివి, పరీక్ష రాసి, పేరు పక్కన ఎల్.ఏసీ. అని పెట్టుకుంటారు. ఆస్ట్రేలియాలో 2012 నుంచి నర్సులు, డాక్టర్లలాగే వీళ్లకూ జాతీయ నమోదు ఉంది. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు, సంఘాలే ప్రమాణాలు పెట్టుకున్నాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది జపాన్. అక్కడ కనీసం మూడేళ్ల బడి, ఆపైన జాతీయ పరీక్ష. సూదికి ఒక లైసెన్సు, మూలికను కాల్చి వేడి పెట్టే మోక్సాకు వేరే లైసెన్సు. చూపులేనివాళ్లు తరతరాలుగా అక్కడ ఈ వృత్తిలో ఉన్నారు. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు సూదిని సన్నని గొట్టంలో పెట్టి, పైన వేలితో తట్టి దించే పద్ధతికి ఆద్యుడు. చూపులేనివాళ్లకోసం బడులూ పెట్టాడు. ఈ రోజు హైదరాబాద్ క్లినిక్‌లో మీ ముందు చించే ప్యాకెట్‌లో సూదితోపాటు చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటే, అది ఆయన పద్ధతే.

మన దేశానికి ఇది ఎలా వచ్చింది?

1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్ల బృందం వెళ్లింది. అందులో ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే చనిపోయారు, ఆయన పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి ఇక్కడ మొదలుపెట్టారు. బెంగాల్‌లో చట్టం అంత ముందుగా రావడానికి ఆ పునాది ఒక కారణమని నా అనుకోలు.

ఇది మన ఆయుర్వేదం నుంచే చైనాకు వెళ్లిందంటారు కదా?

వాట్సాప్‌లో నాకూ వచ్చింది. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలు దెబ్బ తగలకుండా కాపాడుకోవాల్సిన చోట్లు. ఆక్యుపంక్చర్ పాయింట్లు సూది పెట్టే చోట్లు. రెంటినీ ఒకటి చేయాలంటే చాలా సాగదీయాలి. ఈ మాట చెప్పి కోర్సు అమ్మేవాళ్లున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఫిజియోథెరపిస్టు కూడా సూదులు పెట్టారు. అదీ ఆక్యుపంక్చరేనా?

సూది అదే, లెక్క వేరు. వాళ్లు చేసేది డ్రై నీడ్లింగ్. గట్టిపడిన కండరపు ముడిని వెతికి అందులోకి సూది దించుతారు. చీ అనే ప్రాణశక్తి, అది పారే నాడీమార్గాల మాట ఎత్తరు. ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీలో కండరాల గురించి మాకంటే లోతుగా చదువుతారు, అది ఒప్పుకోవాలి. సూది శిక్షణ మాత్రం తరచుగా డిగ్రీ తర్వాత చేసే చిన్న వర్క్‌షాపే. వాళ్లనూ గంటలు అడగండి.

హిజామా, సుజోక్, ఆక్యుప్రెషర్ సంగతి?

వేరు వేరు. హిజామా కప్పులు పెట్టి గాటుతో రక్తం తీసేది, యునానిలో ఉంది. పాతబస్తీలో ఎక్కువగా కనిపిస్తుంది. సుజోక్ కొరియా నుంచి వచ్చింది, అరచేతులు, పాదాల మీదే చేస్తారు. ఆక్యుప్రెషర్‌కు సూది లేదు. హిజామాకు శుభ్రత విషయంలో సూదికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

రెండు రోజుల వర్క్‌షాపులో నేర్చుకోవచ్చని ప్రకటన చూశాను. నిజమేనా?

నేనూ వెళ్లాను ఒకదానికి, చదువు అయిన కొత్తలో. ఎవరిదో చెప్పను. ఒక ఫంక్షన్ హాల్లో ఎనభైమందిమి. స్టేజి మీద ఒకాయన స్లయిడ్లు వేశారు. రెండో రోజు మధ్యాహ్నం బిర్యానీ తర్వాత పక్కవాళ్ల చేతిలో తలా ఒక సూది పెట్టమన్నారు. నా పక్కన కూర్చున్నది రియల్ ఎస్టేట్ చేసే అన్న. చేతులు కడుక్కోకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు. నేను చేయి వెనక్కి లాక్కున్నాను. సాయంత్రం ఇద్దరికీ ఒకే సర్టిఫికెట్ ఇచ్చారు, నా పేరులో అక్షరం తప్పుతో. ఆయన ఇప్పుడు ప్రాక్టీసు చేస్తున్నాడో లేదో నాకు తెలియదు. తలచుకుంటే మాత్రం టెన్షన్‌గానే ఉంటుంది.

మా అబ్బాయి బైపీసీ. దీన్నే వృత్తిగా తీసుకోవాలనుకుంటున్నాడు. ఏ దారిలో వెళ్లాలి?

బాబూ, ముందు ఏదో ఒక గుర్తింపున్న వైద్య పట్టా తెచ్చుకో, తర్వాత సూది పట్టుకో. బీఎన్‌వైఎస్ దగ్గరి దారి. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూసుకోవాలి. ఫిజియో, ఆయుర్వేదం, యునాని ఏదైనా పనికొస్తుంది. డిప్లొమా ఒక్కటే పెట్టుకుని మొదలుపెడితే రేపు తెలంగాణలోనూ చట్టం వచ్చినప్పుడు ఇబ్బంది పడేది ఆ పిల్లాడే. పైగా తలనొప్పి అని వచ్చినవాళ్లలో ఎవరిని సూదులకు పడుకోబెట్టాలో, ఎవరిని వెంటనే స్కానింగ్‌కు పంపాలో పట్టాలో నేర్పినంతగా డిప్లొమాలో నేర్పరు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏం అడగాలి? అడిగితే కోపం తెచ్చుకుంటారేమో?

"ఎన్నేళ్ల అనుభవం?" అని అందరూ అడుగుతారు. ఇరవై ఏళ్లు తప్పుగా పెట్టినా అది ఇరవై ఏళ్ల అనుభవమే. నన్నడిగితే ఒక్కటి అడగండి: "మీరు నేర్చుకునేటప్పుడు పక్కన ఎవరు నిలబడి చూశారు, ఎన్నాళ్లు?" నిజంగా నేర్చుకున్నవాళ్లు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. గురువు పేరు చెప్తారు, వాళ్లు తిట్టిన తిట్లూ చెప్తారు. నేర్చుకోనివాళ్లు ఫోను చూసుకుంటారు.

కళ్లతో చూడాల్సినవి కొన్ని: సూది ప్యాకెట్ మీ ముందే చించాలి, ఒకసారి వాడి పారేసేది కావాలి. వాడిన సూదులు చెత్తబుట్టలో కాకుండా గుచ్చుకోని తెల్లటి డబ్బాలో పడాలి. అది 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధన. షుగర్, పక్షవాతం పూర్తిగా నయం చేస్తామని బోర్డు ఉంటే, అలాంటి ప్రకటనలను 1954 నుంచే ఒక చట్టం నిషేధించిందని గుర్తుంచుకోండి. ఇన్సులిన్ ఆపేయమంటే ఇంక రెండో మాట వద్దు, వచ్చేయండి.

బాగా చదివినవాళ్లు పెడితే కచ్చితంగా పని చేస్తుందా?

కచ్చితంగా అని నేను రాసివ్వను. మైగ్రేన్ రాకుండా చూడటంలో, తరచూ వచ్చే టెన్షన్ తలనొప్పిలో 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్షలు (జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసేవి) కొంత మేలు చూపాయి. మోకాలి అరుగుదలలో నిజం సూదికీ, ఉత్తుత్తి సూదికీ తేడా చిన్నదే. శిక్షణ ఎక్కువైతే ఫలితం గ్యారంటీ అని కాదు, హాని తగ్గుతుంది. పనికిరానప్పుడు "ఇది నా వల్ల కాదు, ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్లండి" అనే ధైర్యం వస్తుంది.

ఇంతకీ మీరెవరి దగ్గర నేర్చుకున్నారు మేడమ్?

కాలేజీ అయ్యాక ఒక సీనియర్ మేడమ్ దగ్గర రెండేళ్లున్నాను. మొదటి మూడు నెలలు నన్ను సూది పెట్టనివ్వలేదు. తీసే పనే నాది. ఒక్కో పేషెంటుకు పెట్టినవి ఎన్ని, తీసినవి ఎన్ని, నోటుబుక్కులో రెండు గళ్లలో రాయాలి. ఒకసారి 14 పెట్టారు, నేను 13 తీశాను. పెద్దావిడ అప్పటికే ఆటో ఎక్కేసింది. మేడమ్ నన్ను చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తించారు. సందు మలుపులో ఆటో ఆపితే, జడ కింద మెడ వెనక ఉంది పద్నాలుగోది. ఆ రెండు గళ్ల నోటుబుక్కు ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంటుంది. మీరు వచ్చినప్పుడు అడిగితే మీ పేజీ చూపిస్తాను.